ఆటలో అరటిపండు

పొద్దున్న ఏడింటికి ఫోను మోగిందంటే అది మా చెల్లెలే. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం దానిది. ఆ వేళకి అది ఆఫీసు బస్సులో కూర్చుని ఉంటుంది, నేనేమో ఇక్కడ రావులపాలెంలో పెసరట్ల పెనం ముందు నిలబడి ఉంటాను. ఇద్దరికీ కుదిరే సమయం అదొక్కటే.

"అక్కా, వచ్చే శనివారం మా ఆఫీసువాళ్ళు గోల్ఫ్ ఆడడానికి రమ్మంటున్నారే" అంది.

"వెళ్ళు మరి. భయమెందుకు?"

"నీకేం, ఎన్నయినా చెబుతావు. జన్మలో ఆ కర్ర పట్టుకున్నానా నేను? పైగా 'స్క్రాంబుల్' పద్ధతిట. అదేమిటో కూడా తెలీదు. మా జట్టులో మిగతా ముగ్గురూ మగవాళ్ళు, ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళు. వాళ్ళ మధ్య నేను ఆటలో అరటిపండునే కదా!"

నాకు నవ్వొచ్చింది. అరటి గెలలు లారీలకెక్కి రాష్ట్రాలు దాటిపోయే ఊళ్ళో పుట్టిన పిల్ల ఆ మాటనక ఏ మాటంటుంది? చిన్నప్పుడు మన ఆటల్లో ఒక బుడ్డోడో బుడ్డదో ఉండేవాళ్ళు, గుర్తుందా? ఏడుస్తారని ఆటలోకి రానిస్తాం. పరిగెత్తనిస్తాం. కానీ అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. ఆటలో ఉన్నట్టే ఉంటారు, లెక్కలో మాత్రం ఉండరు. అదీ అరటిపండు సంగతి.

నవ్వాను గానీ, తరువాత అది చెప్పింది వింటే నవ్వు ఆగిపోయింది. పోయిన ఏడాది రెండుసార్లు పిలిస్తే ఏదో వంక చెప్పి తప్పించుకుందట. సోమవారం ఆఫీసుకి వెళితే కొత్త పని ఎవరికివ్వాలో, ఎవరిని పెద్ద చెయ్యాలో శనివారం ఆ గడ్డి మీదే మాట్లాడేసుకున్నారని తెలిసిందట. "ఈసారి కూడా ఇంట్లోనే ఉంటే, ఆఫీసులో కూడా నేను అరటిపండే అక్కా" అంది. పెనం మీద అట్టు మాడిపోయింది.

కథలు రాసుకునే ఇల్లాలికి గోల్ఫ్ సంగతేం తెలుసని మీరనుకోవచ్చు. నిజానికి 2021 దాకా నాకూ ఏమీ తెలీదు. ఆ ఏడు ఆగస్టు 7, శనివారం. కరోనా రోజులు. తెల్లవారుతూనే మావారు టోక్యో ఒలింపిక్స్ పెట్టుకుని కూర్చున్నారు. ఎవరో బెంగుళూరు అమ్మాయట, అదితి అశోక్, వయసు ఇరవై మూడు, పతకానికి దగ్గరలో ఉందట. కాఫీ గ్లాసుతో వచ్చి ఒక్క నిమిషం చూద్దామని నిలబడ్డాను. ఆ అమ్మాయి వెనకాల కర్రల సంచి మోస్తున్నది ఎవరో కాదు, వాళ్ళమ్మ! ఇంకేముంది, కూర్చుండిపోయాను.

గోల్ఫ్‌లో ఉండేది పద్దెనిమిది గుంటలు. మన వామనగుంటలకి పద్నాలుగే. కాకపోతే వాళ్ళ గుంటకీ గుంటకీ మధ్య ఫర్లాంగుల దూరం, దారిలో ఇసుక గోతులూ, చెరువులూ. ఒక్కో గుంటలో బంతిని మూడు దెబ్బల్లోనో, నాలుగింట్లోనో, అయిదింట్లోనో వేయాలని ముందే లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్క పేరు 'పార్'. ఒక దెబ్బ తక్కువలో వేస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. బంతి గుంట దగ్గరకి వచ్చాక నేల మీద మెల్లగా దొర్లించే దెబ్బని పట్ అంటారు. ఈ నాలుగు ముక్కలూ వస్తే చాలు, ఎవరైనా టీవీలో చూసేయొచ్చు. (మొత్తం మైదానానికి నూట ఇరవై ఎకరాలైనా కావాలని చెబితే మావారు "ఎన్ని కొబ్బరి చెట్లండీ!" అని నోరు తెరిచారు. నాతో మాట్లాడుతూ 'అండీ' అన్నారంటే ఎంత ఆశ్చర్యపోయారో చూసుకోండి.)

అదితి ఆడిన పద్ధతిని స్ట్రోక్ ప్లే అంటారు. ఎన్ని దెబ్బలు కొట్టారో అన్నీ కూడడమే. నాలుగు రోజులు, రోజుకి పద్దెనిమిది గుంటలు. అదితివి 67, 66, 68, 68. మొత్తం 269. జపాన్ అమ్మాయి మోనే ఇనామీకీ, న్యూజిలాండ్ అమ్మాయి లిడియా కోకీ చెరి 268. అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డాకి 267. ఒక్క దెబ్బ తేడాలో పతకం పోయింది. ప్రపంచంలో 200వ ర్యాంకులో ఉన్న పిల్ల నాలుగో స్థానంలో నిలబడింది. ఆ ఒక్క దెబ్బ ఆఖరి రోజుదే కానక్కర్లేదు. మొదటి రోజు ఏదో ఒక గుంట దగ్గర పొరపాటున వేసినదైనా కావచ్చు. స్ట్రోక్ ప్లే అంత కఠినం. తప్పు చేశావా, అది నీ కాగితం మీద చివరిదాకా ఉంటుంది. చెరిపేసే వీల్లేదు.

ఆ కాగితం సంగతి ఇంకో ముక్క చెప్పాలి. ఒకరి లెక్క తోటి ఆటగత్తె రాస్తుంది, ఆట అయ్యాక సరిచూసుకుని సంతకం పెట్టాలి. 1957లో అమెరికా మహిళల ఓపెన్ పోటీలో హవాయికి చెందిన జాకీ పంగ్ అనే ఆవిడ 298 దెబ్బలతో అందరికంటే ముందు నిలిచింది. తీరా చూస్తే ఆవిడ కాగితంలో ఒక గుంట దగ్గర 6 ఉండాల్సిన చోట 5 పడింది. మొత్తం మాత్రం సరిగ్గానే ఉంది. ఆవిడ దాని మీద సంతకం పెట్టేసింది. అంతే, పోటీ నుంచి తీసేశారు! 299తో ఆడిన బెట్సీ రాల్స్ విజేత అయింది. అక్కడి క్లబ్బువాళ్ళూ, చూడ్డానికి వచ్చినవాళ్ళూ మనసు ఆగక చందాలు వేసుకుని జాకీకి ఇచ్చిన డబ్బు, విజేతకి దక్కిన బహుమతి కంటే ఎక్కువట. పాలవాడి కార్డులో ఒక్క అర లీటరు తేడా వస్తే నెలాఖరుకి ఎంత రభస చేస్తామో మనకి తెలీదా! కానీ అప్పుడు కూడా మొత్తం సరిపోతే ఊరుకుంటాం. వీళ్ళు ఊరుకోరు.

ఇంతటి ఆటలో మన తెలుగింటి అబ్బాయి ఒకడు పైస్థాయిలో ఆడుతున్నాడు. సాహిత్ తీగల. అమ్మానాన్నలది హైదరాబాదు, వాడు పుట్టి పెరిగిందంతా అమెరికాలోని కాలిఫోర్నియా. (వాడు అంటే ఏమీ అనుకోకండి, తమ్ముడి వరస.) 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమెరికా పెద్ద పోటీల్లో అది అతని మొదటి గెలుపు. నాకు అతను నచ్చింది మాత్రం ఆ గెలుపు వల్ల కాదు. 2024లో, సీజను చివర ముప్పయి మందికే ప్రవేశం ఉండే టూర్ ఛాంపియన్‌షిప్‌లో, మూడో రోజు అతని బంతి ఇసుకలో పడింది. కొట్టడానికి కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకకి తగలకూడదని నియమం. తగిలినట్టు తనకి అనిపించింది. తనే నియమాల అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బలు శిక్షగా కలిశాయి. చివరికి మూడో స్థానం వచ్చింది. రెండో స్థానానికీ అతనికీ తేడా ఎంతో తెలుసా? సరిగ్గా రెండు దెబ్బలు. ఆ స్థాయిలో ఒక్క మెట్టుకి లక్షల డాలర్ల తేడా ఉంటుంది. ఆ తల్లి ఆ పిల్లాణ్ణి ఎలా పెంచిందో అని నేను చాలాసేపు ఆలోచించాను.

ఇదే ఇసుక తప్పు మరో పద్ధతిలో జరిగి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఒక్క గుంట పోయేది. అంతే! ఆ పద్ధతి పేరు మ్యాచ్ ప్లే. ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు. ప్రతి గుంటా ఒక చిన్న యుద్ధం. తక్కువ దెబ్బల్లో వేసినవాళ్ళది ఆ గుంట. సమానమైతే ఎవరికీ లేదు. నేను ఒక గుంట దగ్గర పది దెబ్బలు కొట్టి నవ్వులపాలయ్యాననుకోండి, మీరు నాలుగింట్లో వేశారనుకోండి. ఆరు దెబ్బల తేడా నా మెడకి చుట్టుకోదు. ఒక్క గుంట మీది, తరువాతి దగ్గర మళ్ళీ ఇద్దరం సమానమే. మూడు గుంటల ఆధిక్యం ఉండి, ఆడాల్సినవి రెండే మిగిలితే ఇక ఆడరు, చేతులు కలుపుకుని ఇంటికి పోతారు.

మ్యాచ్ ప్లేలో ఒక మర్యాద ఉంది. ఎదుటివాళ్ళ బంతి గుంటకి జానెడు దూరంలో ఉంటే, "అది పడినట్టే, తీసుకో" అనొచ్చు. అనకపోయినా తప్పు లేదు. ఈ 'తీసుకో' అనే మాట మీద ఎంత గొడవ జరిగిందో చెబితే మన తోడికోడళ్ళ కథలా ఉంటుంది.

1990 నుంచి అమెరికా మహిళలకీ యూరప్ మహిళలకీ మధ్య సోల్‌హైమ్ కప్ అనే పోటీ జరుగుతోంది. 2015లో జర్మనీలో జరిగినప్పుడు, అమెరికా అమ్మాయి అలిసన్ లీ కొట్టిన బంతి గుంట దాటి రెండడుగుల లోపే ఆగింది. ఎదుటి జట్టులో ఛార్లీ హల్ అప్పటికే పక్కకి నడిచిపోతోంది. ఇచ్చేశారు కాబోలని అలిసన్ బంతి చేతిలోకి తీసుకుంది. "మేము ఇవ్వలేదే!" అంది రెండో అమ్మాయి, నార్వేకి చెందిన సుజాన్ పెటర్సన్. నియమం ప్రకారం ఆమె మాటే నెగ్గింది. ఆ గుంట పోయింది, ఆ ఆటా పోయింది. అలిసన్ ఏడ్చింది. గెలిచిన ఛార్లీ కూడా ఏడ్చింది! అప్పటికి 10-6తో ముందున్న యూరప్, ఆ మధ్యాహ్నం కసిగా ఆడిన అమెరికా చేతిలో 14½-13½ తేడాతో ఓడిపోయింది. మర్నాడు పెటర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

కథ అక్కడితో అయిపోలేదు. నాలుగేళ్ళకి, 2019లో స్కాట్లాండులోని గ్లెన్ఈగిల్స్‌లో, కప్పు ఎవరిదో తేల్చే ఆఖరి పట్ అదే పెటర్సన్ ముందుకొచ్చింది. మధ్యలో ఆమె ఒక బిడ్డకి తల్లి అయింది, ఆట నుంచి చాలాకాలం దూరంగా ఉంది. బంతి గుంటలో పడింది. యూరప్ గెలిచింది. అక్కడికక్కడే "ఇక నేను ఆడను" అని ప్రకటించి, పిల్లాణ్ణి ఎత్తుకుంది. నేను కథ రాస్తే "మరీ సినిమాలా ఉందమ్మా" అని సంపాదకులు తిప్పి పంపేవారేమో!

ఇక జంటగా ఆడే పద్ధతులు. వీటి గురించి మా చెల్లెలికి చెబుతుంటే అది బస్సులో పగలబడి నవ్విందట. ఫోర్‌సమ్స్ అనేదాంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఆయన, ఒక దెబ్బ నేను. ఆయన పొదల్లోకి కొడితే ఆ పొదల్లోంచి తీయాల్సింది నేను. నేను చెరువు గట్టున పెడితే అక్కడినుంచి కొట్టాల్సింది ఆయన. ఇంక చెప్పేదేముంది, పెళ్ళయిన వాళ్ళందరికీ తెలిసిన ఆటే! ఈ పద్ధతిలో ఆడే జంటలు ముందే ఒక మాట అనుకుంటారట, మధ్యలో 'సారీ' చెప్పుకోకూడదని. చెప్పడం మొదలుపెడితే ఆట సాగదు మరి.

ఫోర్‌బాల్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరూ ఎవరి బంతి వాళ్ళే ఆడతారు. ప్రతి గుంట దగ్గరా ఇద్దరిలో ఎవరిది బాగుంటే అదే జట్టు లెక్క. ఒకరు పూర్తిగా చెడగొట్టినా రెండోవాళ్ళు కాస్తారు. అందుకే ధైర్యంగా కొడతారు.

పైకి చూస్తే పెద్ద తేడా లేనట్టుంది కదూ? 2024 ప్రెసిడెంట్స్ కప్‌లో ఏమయిందో చూడండి. కెనడాలో మాంట్రియల్‌లో, అమెరికా జట్టుకీ యూరప్ మినహా మిగతా ప్రపంచం జట్టుకీ మధ్య పోటీ. మన సాహిత్ అమెరికా తరఫున ఆడాడు. మొదటి రోజు ఫోర్‌బాల్. అమెరికా అయిదు ఆటలకి అయిదూ గెలిచింది, అందులో ఒకటి సాహిత్, కాలిన్ మొరికావా జంటది. రెండో రోజు ఫోర్‌సమ్స్. అవే జట్లు, అదే మైదానం. అయిదుకి అయిదూ ఎదుటివాళ్ళు గెలిచారు! చివరికి కప్పు 18½-11½తో అమెరికాకే వెళ్ళింది గానీ, ఆ రెండు రోజులూ నాకు బాగా గుర్తుండిపోయాయి. మనిషి మారలేదు, ఆడే పద్ధతి మారింది. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే జట్టు పోటీని కూడా చేర్చారు. చూడాలి, అందులో ఎవరి పొదల్లోంచి ఎవరు తీస్తారో.

ఇదంతా విని చెల్లెలు అసలు ప్రశ్న వేసింది. "వీళ్ళంతా ఆరితేరినవాళ్ళక్కా. నాలాంటి దానికి ఏది?"

దాని లాంటి వాళ్ళ కోసమే ఒక డాక్టరుగారు పుణ్యం కట్టుకున్నారు. ఇంగ్లండులో ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అని శస్త్రచికిత్స చేసే వైద్యుడు. మామూలు ఆటగాళ్ళు ఒక గుంట దగ్గర ఎనిమిదో తొమ్మిదో దెబ్బలు పడగానే నీరసపడి ఆట వదిలేసి పోవడం చూసి, దెబ్బలు లెక్కపెట్టడం మానేసి మార్కులు వేద్దామన్నాడు. వాలసీ అనే ఊళ్ళోని క్లబ్బులో 1932 మే నెలలో ఆ పద్ధతిలో పోటీ జరిగింది. పార్‌లో వేస్తే 2 మార్కులు, బర్డీకి 3, బోగీకి 1. అంతకంటే ఎక్కువైతే సున్నా. సున్నా కంటే కిందికి లేదు! తొమ్మిది కొట్టినా సున్నానే, పదిహేను కొట్టినా సున్నానే. కాబట్టి బంతి జేబులో వేసుకుని తరువాతి గుంటకి నడవడమే. పరీక్షల్లో మైనస్ మార్కుల మధ్య నలిగిపోతున్న మన పిల్లల్ని తలుచుకుంటే ఈ డాక్టరుగారికి ఒక దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

దీనికి తోడు హ్యాండిక్యాప్ ఉంది. ఎవరెంత బాగా ఆడతారో చూసి, తక్కువ నేర్పున్న వాళ్ళకి ముందే కొన్ని దెబ్బల తగ్గింపు ఇస్తారు. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే లెక్క. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా అందులో గరిష్ఠం 54. మీ తగ్గింపు 18 అనుకోండి, గుంటకి ఒక దెబ్బ మాఫీ. నాలుగు దెబ్బల గుంటని మీరు అయిదింట్లో వేసినా పార్ కిందే లెక్క, రెండు మార్కులూ మీవే. ఆరితేరిన ఆటగాడి పక్కన నిన్నగాక మొన్న నేర్చుకున్న ఆమె నిజంగా పోటీ పడొచ్చు, గెలవొచ్చు కూడా. గమనించారా? మన అరటిపండుకీ దీనికీ ఎంత తేడా! మనం చిన్నదాన్ని ఆటలోకి తీసుకుని లెక్కలోంచి తీసేస్తాం. వీళ్ళు తగ్గింపు ఇచ్చి లెక్కలోకే తెస్తారు.

అయితే ఆ ఆట అందరికీ అందుబాటులో ఉందని నేననను. కర్రల ఖరీదు, క్లబ్బు సభ్యత్వం వింటే మన గుండె ఆగుతుంది. విశాఖలోనూ, హైదరాబాదులో గోల్కొండ దగ్గరా మైదానాలున్నాయి గానీ మన కోనసీమ పిల్ల బస్సెక్కి వెళ్ళి ఆడి వచ్చేది కాదు. స్కాట్లాండులో మ్యూర్‌ఫీల్డ్ అనే పేరున్న క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 2017లో! అందుకే మా చెల్లెలు వెళ్ళి తీరాలని నేను పట్టుబట్టాను.

మొదటి ప్రశ్నకి వస్తాను. స్క్రాంబుల్ అంటే నలుగురు ఒక జట్టు. నలుగురూ తలా ఒక బంతి కొడతారు. నాలుగింట్లో ఏది మంచి చోట పడిందో చూసి, మిగతా మూడూ తీసేసి, నలుగురూ అక్కడినుంచే మళ్ళీ కొడతారు. మళ్ళీ మంచిది ఎంచుతారు. గుంటలో పడేదాకా ఇంతే. ఇది అసలు నియమాల పుస్తకంలోని పద్ధతి కాదు, సరదా పోటీలకీ, ఆఫీసు వేడుకలకీ పుట్టింది. చెడిన దెబ్బని ఎవరూ మోయక్కర్లేదు. ఒక్క మంచి దెబ్బ పడితే నలుగురిదీ అవుతుంది.

"అయితే నన్ను పక్కన నిలబెట్టి వాళ్ళ ముగ్గురివే వాడుకుంటారు" అంది చెల్లెలు. దానికి కూడా చాలా పోటీల్లో ఒక కట్టడి ఉంటుంది. ప్రతివాళ్ళ మొదటి దెబ్బనీ కనీసం ఇన్నిసార్లు వాడి తీరాలని. కనుక్కోమన్నాను. కనుక్కుంది. వాళ్ళ పోటీలో ఒక్కొక్కరిదీ రెండేసిసార్లు వాడాలట. ఆఫీసు స్నేహితురాలు ఒకామె రెండు సాయంత్రాలు తీసుకువెళ్ళి కర్ర పట్టుకోవడం నేర్పింది.

ఆదివారం పొద్దున్నే ఫోను.

మొదటి నాలుగు గుంటల్లోనూ దాని బంతి ఒకసారి గడ్డిలో దొర్లిందట, ఒకసారి చెట్టుకి తగిలిందట, ఒకసారి కర్ర గాలికే తగిలిందట. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా ఉందట దానికి. అయిదో గుంట చిన్నది, మూడు దెబ్బలది. అక్కడ దాని బంతి తిన్నగా వెళ్ళి ముందున్న గడ్డి మీద ఆగింది. "ఇది వాడేద్దాం" అన్నారట ముగ్గురూ. ఒకటి అయింది. రెండోది పదకొండో గుంట దగ్గర.

"అది కాదక్కా అసలు విషయం. పదహారో గుంట దగ్గర ఆరడుగుల పట్. ముందు ముగ్గురూ కొట్టారు. ముగ్గురివీ తప్పాయి. నాలుగోది నాది."

పెరట్లో జామచెట్టు కింద గోళీలాడి మా పెదనాన్నగారి అబ్బాయిలిద్దర్నీ ఏడిపించిన చెయ్యి అది. ఒంగుని, ఒక కన్ను మూసి కొట్టిందట, అచ్చం గోళీకి గురి చూసినట్టే. పడింది.

"గెలిచారా?" అన్నాను.

"లేదు. తొమ్మిది జట్లలో నాలుగో స్థానం. మూడోవాళ్ళకీ మాకూ ఒక్క దెబ్బే తేడా."

"అచ్చం అదితిలాగే!"

"ఆఁ, అంతే అనుకో" అని నవ్వింది. భోజనాల దగ్గర వాళ్ళ పెద్దాయన దాని పక్కన కూర్చుని, అది నాలుగు నెలలుగా చెప్పాలనుకుంటున్న పని గురించి అరగంట విన్నాడట. ఏమవుతుందో సోమవారం గానీ తెలీదట. వచ్చే నెల పోటీ స్టేబుల్‌ఫర్డ్ పద్ధతిలోనట, పేరు ఇచ్చేసి వచ్చింది.

"సరే గానీ అక్కా, సంక్రాంతికి బావగారు వచ్చేటప్పుడు మార్కెట్టు నుంచి ఒక గెల పంపించు. చక్రకేళి. మా జట్టువాళ్ళకి ఇవ్వాలి."